ఎడమ రెక్క బాపుది

పోయిన నెల మా అక్క కొడుకు శ్రీకాంత్ మోకిలలో కొత్త ఇల్లు తీసుకున్నానని, చూపించడానికి నన్ను తోలుకుపోయాడు. ఇల్లు చూడడానికి పది నిమిషాలు పట్టింది. ఆ ఇళ్లన్నిటికీ కలిపి కట్టిన క్లబ్‌హౌస్ చూడడానికి ఒక పూట పట్టింది. అందులో ఈత కొలను ఉంది, ఈత కొట్టేవాడు ఒక్కడూ కనబడలేదు. నిలబడ్డ చోటే నడిపించే మిషన్లు వరసగా ఉన్నాయి. "నడవడానికి మిషనెందుకురా, బయట రోడ్డున్నది గదా" అంటే, "రోడ్డు మీద దుమ్ముంటది మామా" అన్నాడు. ఆ దుమ్ము తినే మేమంతా ఇంత పొడుగయ్యామని చెబుదామనుకున్నాను గానీ, వాడు నాకంటే జానెడు పొడుగు.

ఆటల గదిలో ఒక మూలన పిన్‌బాల్ మిషను ఉంది. చూడనివాళ్ల కోసం చెబుతాను. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన పొడుగాటి పెట్టె, దాని మీద గాజు పలక, గాజు కింద ఒక ఉక్కు గోలీ. కుడిపక్కన స్ప్రింగు కడ్డీ ఉంటుంది. దాన్ని లాగి వదిలితే గోలీ పైకి పోయి, అక్కడున్న బొడిపెలకూ గూటాలకూ తగిలి, అటూ ఇటూ కొట్టుకుంటూ మన దిక్కు జారి వస్తుంది. కింద నడుమ ఒక గండి. అందులో పడితే గోలీ పోయినట్టే. పడకుండా ఆపడానికి గండికి అటొకటి ఇటొకటి రెండు చిన్న రెక్కలు ఉంటాయి. పెట్టె పక్కలకున్న మీటలు నొక్కితే ఆ రెక్కలు లేచి గోలీని మళ్లీ పైకి తంతాయి. ఆటంటే అంతే. బతుకు కూడా ఇంతేనని ఎవరైనా అంటే నమ్మకండి, బతుకులో మీటలు ఉండవు.

మోకిల మిషను మాత్రం అంతటితో ఊరుకునే రకం కాదు. నేను చేయి పెట్టకముందే నన్ను ఇంగ్లీషులో మెచ్చుకుంది. కడ్డీ లాగితే ఒక గోలీకి బదులు మూడు గోలీలు వదిలింది. లోపల వంతెనలు, సొరంగాలు, తల ఊపే రాక్షసుడు, పైన సినిమా తెర. ఏ గోలీ ఎటు పోయిందో చూసుకునే లోపలే మూడూ గండిలో పడ్డాయి, నేను ఘనంగా గెలిచానన్నట్టు బాజాలు మోగాయి. స్కోరు కోట్లలో ఉంది. మా దిక్కు ఎకరం ధర లాగే, ఎవడూ ఏమీ చేయకుండానే పెరిగింది. "ఎట్లుంది మామా" అని శ్రీకాంత్ అడిగాడు. "దీని తాత నాకు తెలుసురా, చాలా తక్కువ మాట్లాడేవాడు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కాకపోవడం వాడి తప్పు కాదు, నేను చెప్పాలి. అందుకే ఇదంతా.

ఆ తాత నాకు ఎదురుపడేనాటికి నేను బడి మానేసి రెండేళ్లు. సురంగల్‌లో మా ఇల్లు రెండు గదులు, ముందర రేకుల సాయబాను, పక్కన కొట్టం. మాది ఎకరంన్నర చెలక, ఒక బోరు. కొత్తిమీర, టమాటా, కాలం కలిసొస్తే బంతిపూలు. సాయంత్రమైతే అవ్వ, అంటే మా అమ్మ, సాయబాన్లో కూర్చుని కొత్తిమీర కట్టలు కట్టి తడి గోనె కింద పేర్చేది. ఆ వాసన మా బట్టలకూ అన్నానికీ చివరికి నా లెక్కల పుస్తకానికీ పట్టేది. మా లెక్కల సారు ఒకసారి నా పుస్తకం తెరిచి, "లెక్కలు లేవు గాని చారు పెట్టుకోవచ్చు" అన్నాడు. పొద్దున్నే బాపు, అంటే మా నాన్న, బీడీ ముట్టించుకుని చెలకకు పోయి, బోరు స్టార్టర్ పెట్టె ముందు చెవి పెట్టి నిలబడేవాడు. మోటరు పాడే పాటను బట్టి కరెంటు మూడు తీగల్లోనూ వస్తోందా, ఒకటి అలిగిందా చెప్పేవాడు. తర్వాత ఆ కొత్తిమీర మోపులతో చేవెళ్ల మార్కెట్‌కు పోయి, వచ్చేటప్పుడు కొత్త కబురొకటి తెచ్చేవాడు. ఆ రోజుల్లో కబుర్లన్నీ ఒకటే: ఫలానా వాళ్ల పోరడు కంప్యూటర్ నేర్చుకున్నాడు, ఏసీ రూములో కూర్చుంటాడు, వానికి మెడలో తాడు, తాడుకు ఫొటో.

బాపు నన్ను ఆ తాడులో చూడాలనుకున్నాడు. నేను తొమ్మిదో తరగతి నడుమ లేచి వచ్చి, మొయినాబాద్‌లో ఖాజా భాయ్ మోటరు వైండింగ్ షాపులో చేరాను. కాలిపోయిన మోటర్ల పాత తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టే పని. ఆ షాపులో వార్నిష్ వాసన, కాలిన రాగి వాసన, భాయ్ తాగే చాయ్‌లో యాలకుల వాసన మూడూ కలిసి ఉండేవి. బడి కంటే అదే నాకు బాగా తలకెక్కింది. నేను బడి మానిన సంగతి తెలిసిన రోజు బాపు కొట్టలేదు, తిట్టలేదు. కొట్టంలోకి పోయి మా బర్రె లచ్చి ముందర నిలబడి, "లచ్చీ, వీడు మళ్ల బడి ముఖం చూసిననాడే నేను వీనితోని మాట్లాడుత. నువ్వే సాక్ష్యం" అన్నాడు.

అప్పటినుంచి నాకు చెప్పాల్సినవన్నీ లచ్చికి చెప్పేవాడు. నేను నాలుగడుగుల దూరంలో పళ్లు తోముకుంటూ ఉంటే, "లచ్చీ, సదువుకునే పోరలు బస్సెక్కి పోయిండ్రు. మన దొర ఇప్పుడే లేచిండు, జర సలాం కొట్టు" అనేవాడు.

నేను తక్కువ తిన్నానా. "లచ్చీ, షాపు తొమ్మిదింటికి తెరుస్తరు. తెల్వకపోతే అడగాలె గని ఊకె అనొద్దని చెప్పు."

"లచ్చీ, నోరు మస్తు లేస్తున్నదని చెప్పు."

"నడుమ దాని పాణం ఎందుకు తీస్తుండ్రు" అనేది అవ్వ చెంబు పట్టుకుని. "మీ మాటలు మోసి మోసి అది పాలు తగ్గిచ్చింది. పొద్దుగాల సోలెడు తక్కువ ఇచ్చింది." నిజంగానే తగ్గించింది. లచ్చిని నేను తప్పు పట్టను.

చూసేవాళ్లకు నవ్వే. నేనూ నవ్వేవాణ్ణి, ఊరంతా తిరిగి బాపును అనుకరించి నవ్వించేవాణ్ణి కూడా. కానీ రెండేళ్లలో మా బాపు నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడు అది తెలిసేది. ఉప్పు కావాలంటే ఆయన అవ్వను అడిగేవాడు, ఉప్పు నా మోకాలి పక్కనే ఉండేది.

కనకమామిడిలో అప్పుడే ఒక సారు ఫాంహౌస్ కట్టించాడు. పట్నంలో కంప్యూటర్ కోర్సులు చెప్పి బాగా పైకొచ్చిన మనిషి. పెద్ద గులాబీ తోట వేయించి, దానికి నీళ్లు కట్టడానికి చెయ్యి తిరిగినవాడు కావాలంటే ఊళ్లోవాళ్లు మా బాపును చూపించారు. మా చెలకకు కరెంటు పొద్దున ఇచ్చేవారు కాబట్టి, మధ్యాహ్నాలు ఆయన పార భుజాన వేసుకుని అక్కడికి పోయేవాడు. శని ఆదివారాలు సారు దగ్గర నేర్చుకున్న పోరగాళ్లు, మెడలో తాళ్లతో సహా, గుంపులుగా దిగేవారు. వాళ్ల కోసం సారు రెండు పిన్‌బాల్ మిషన్లు లారీలో తెప్పించాడు. ఒకటి కొత్తది. రెండోది పాతది, కొత్తదానితో పాటు ఊరికే వచ్చింది. పాతదాన్ని చూసినవాడు లేడు, వెనక షెడ్డులో ఎరువు బస్తాల పక్కన పడేశారు.

కొత్తది నెల తిరక్కుండానే చచ్చిపోయింది. మా దిక్కు కరెంటు సంగతి దానికి తెలియదు పాపం. మధ్యాహ్నం రెండింటికి బల్బులో వత్తి మాత్రమే ఎర్రగా కనబడేంత తగ్గేది, మళ్లీ ఒక్కసారిగా ఎగిసేది. సారు ఖాజా భాయ్‌కి కబురు పెడితే భాయ్ నన్ను తోలాడు.

"భాయ్, నాకు ఆ మిషన్ల సంగతి తెల్వదు గదా" అన్నాను.

"అరే నర్సిం, అందులో తీగ ఉన్నదా, ఉన్నది. తీగల కరెంటు పోతదా, పోతది. ఇగ నీకు ఫికర్ ఏంది. ఒక్కటి యాది పెట్టుకో, ఏ మిషనైనా బేస్ లెవెల్ లేకుంటే బేరింగ్ పోతది."

ఈ చివరి మాట నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెబుతాను.

కొత్త మిషను పొట్ట విప్పితే ఆకుపచ్చ పలకలు, వాటి మీద నల్ల చీమల్లాంటి ముక్కలు. ముట్టుకుంటే పాపం అనిపించి మూసేశాను. అక్కడున్న కంప్యూటర్ పోరల్లో ఒకడు వంగి చూసి, ఇది హార్డ్‌వేర్, మాది సాఫ్ట్‌వేర్ అన్నాడు. ఇంకొకడు మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు. పది మంది ఇంజనీర్లు నిలబడి ఉంటే బడి మానేసినవాణ్ణి నేనొక్కణ్ణే నిజం చెప్పాను: "సారూ, ఇది నాతోని కాదు. షెడ్డుల పండుకున్నది ఎవరిది, దాన్ని చూడొచ్చా?"

గోనెలు తీస్తే దుమ్ము, ఉడుత గూడు, పల్లీ తొక్కలు. మూత ఎత్తి చూశాను, చూసి అక్కడే ఎరువు బస్తా మీద కూర్చుండిపోయాను. లోపల ఉన్నదంతా మా బోరు స్టార్టరే. కరెంటు వస్తే టక్కున అంటుకునే కాయిళ్లు, విడిపోయే పత్తీలనే సన్నటి రేకులు, ఒకదాని వెనక ఒకటి వరసగా. ఒక స్టార్టర్ పెళ్లి చేసుకుని పిల్లల్ని కని, ఆ పిల్లలంతా ఒకే ఇంట్లో కాపురం ఉన్నట్టుంది. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో వేలు పెట్టి పోల్చుకోవచ్చు. స్కోరు చూపించడానికి కరెంటు మీటర్లో తిరిగే అంకెల చక్రాలే. పాటలు పాడే పెట్టె లేదు, మూడు ఇత్తడి గంటలు ఉన్నాయి, చిన్నది, నడిమిది, పెద్దది. పెట్టెను ఎవడైనా ఎత్తి తోస్తే ఆట ఆగిపోవడానికి ఏం పెట్టారో తెలుసా, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు లాంటిది, ఒక రింగు నడుమ వేలాడుతోంది. నా తొమ్మిది తరగతుల్లో ఏ పుస్తకమూ నాకు ఇంత స్పష్టంగా ఒక్క సంగతీ చెప్పలేదు.

కుడి రెక్క కాయిలు కాలిపోయింది. దాన్ని షాపుకు తెచ్చి చుట్టాను. కాస్త ఉత్సాహం ఎక్కువై లావు తీగ వేసి చుట్లు తగ్గించాను. బిగించి మీట నొక్కితే గోలీ లేచి గాజుకు తగిలిన చప్పుడుకు సారు ఎరువు బస్తాల వెనక్కి పోయాడు. మళ్లీ చుట్టాను. గంటలు తోమాను, పత్తీలు గీకాను, ఉడుతకు వేరే ఇల్లు చూపించాను. అంతా అయ్యాక మిషనును హాల్లో నిలబెట్టాం. చూస్తే ముందు కాళ్లు పొట్టి, వెనక కాళ్లు పొడుగు, పెట్టె నా దిక్కు వాలి ఉంది. లారీవాళ్లు కాళ్లు తారుమారు చేశారని నాకు అనుమానం. భాయ్ మాట యాదికొచ్చింది. ముందు కాళ్ల కింద ఇటుకలు పెట్టి, మోటరు దిమ్మె పోసేటప్పుడు చూసినట్టే నీళ్ల పైపు పట్టి లెవెల్ చూశాను. వెంట్రుక తేడా రాకుండా సరిచేశాను. మొయినాబాద్ మండలంలో అంత సమంగా ఉన్న వస్తువు ఆ రోజు ఇంకొకటి లేదని పందెం కాస్తాను.

సారును పిలిచి కడ్డీ లాగాను. గోలీ పైకి పోయింది. చిన్న గంట మోగింది, నడిమి గంట మోగింది. గోలీ నెమ్మదించి, మైదానం నడుమకు వచ్చి, అక్కడ హాయిగా కూర్చుంది. మేం దాన్ని చూశాం, అది మమ్మల్ని చూసింది. రెక్కలు కొట్టాను, అందదు. పెట్టెను తోశాను, లోపల గుండు ఊగి దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఇట్లనే ఆడుతరా దీన్ని?" అన్నాడు సారు.

"మోటరు కొత్తగ ఉన్నప్పుడు జర బిగుసుగనే ఉంటది సార్. తిరిగినకొద్ది లూజైతది" అన్నాను. దానికి మోటరు లేదు. నోటికి వచ్చింది అన్నాను, నాకది అలవాటు.

అప్పుడే బాపు పార కడిగి గడప అవతల పెట్టి నీళ్లు తాగడానికి లోపలికి వచ్చాడు. చెంబు ఎత్తి తాగుతూ మిషను చూశాడు. ఇటుకలు చూశాడు. నీళ్ల పైపు చూశాడు. అక్కడ లచ్చి లేదు కాబట్టి సారు కుక్క టైగర్ దిక్కు తిరిగాడు.

"టైగరూ, నీళ్లు పారాలంటే వాలు ఉండాలె. గా గోలీ గూడ అంతే. చదును చేసినంక అది యాడికి పోతది, బురదల బర్రె లెక్క పంటది. పెద్ద మెకానిక్‌కు జర చెప్పు."

టైగర్ నా ముఖం చూసింది. సారు నా ముఖం చూశాడు. బాపు చెంబు పెట్టి, వంగి ఇటుకలు రెండూ తీశాడు. గాజుకు చెంప ఆనించి ఒక కన్ను మూసి, కాలువ తవ్వేటప్పుడు చూసినట్టు చూశాడు. వెనక కాళ్ల కింద బోల్టులు ఉన్నాయని నాకు తోచనే లేదు, ఆయన వాటిని అరచుట్టు అరచుట్టు తిప్పుతూ పోయాడు. చివరికి గాజు మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి, అవి జారే తీరు చూసి తలూపాడు. కడ్డీ లాగి వదిలాడు.

గోలీ పైకి పోయి, గంటలన్నిటినీ పలకరించి, నిండు కాలువలో ఆకులా కిందికి వచ్చింది. నేనైతే రెక్క కొట్టేసేవాణ్ణి. బాపు కొట్టలేదు. రెండు మీటల మీద వేళ్లు పెట్టి నిలబడ్డాడు. గోలీ రెక్క మొదట్లో పడి, దాని వెంట కొస దాకా జారింది. ఇక పడిపోతుందనగా ఒక్కసారి, ఒక్కటే సారి నొక్కాడు. గోలీ నేరుగా పోయి పెద్ద గంటను కొట్టింది. ఇల్లంతా ఖంగున మోగింది. మా బాపు ముఖంలో రెండేళ్ల తర్వాత పళ్లు కనిపించాయి.

ఆయన ఎందుకు అంత బాగా ఆడేవాడో నాకు తోటలో ఆయన నీళ్లు కట్టడం చూస్తే అర్థమైంది. నీళ్లు మడి చివరి మొక్క దాకా పోయేదాకా పార మీద చేతులు పెట్టి నిలబడతాడు. నీళ్లు అంచు తాకీ తాకగానే ఒక్క పార మట్టి తీసి ఇటు మూసి అటు తెరుస్తాడు. ముందు తెరిస్తే చివరి మొక్క ఎండుతుంది, ఆలస్యమైతే కట్ట తెగుతుంది. ముప్ఫై ఏళ్లు చేసిన పని అదే, ఇప్పుడది వేలి కొసన చేస్తున్నాడు. తాళ్లు వేసుకున్న పోరగాళ్లు వచ్చి రెండు మీటలూ టైపు కొట్టినట్టు ఎడతెరపి లేకుండా కొట్టి, గోలీని గండిలో వేసుకుని, "అంకుల్, హౌ?" అని అడిగేవారు. బాపు టైగర్‌కు జవాబు చెప్పేవాడు: "ఆగాలె. గంతే."

ఆ మిషను గొప్పదనమంతా ఆ ఆగడంలోనే ఉంది. లోపల అయిదు బొడిపెలు, నాలుగు గూటాలు, మిగతాదంతా ఖాళీ మైదానం. గోలీ పై నుంచి మన దాకా రావడానికి సమయం తీసుకునేది. ఆ మధ్యలో ఆశ పడడానికి తీరిక ఉండేది, భయపడడానికి తీరిక ఉండేది. చిన్న గంట మోగితే చిన్నది తగిలినట్టు, పెద్ద గంట మోగితే పెద్దది తగిలినట్టు. ఓడిపోతే ఎక్కడ తప్పు చేశామో మనకే తెలిసేది, ఎవరూ బాజాలు వాయించి దాచిపెట్టేవాళ్లు కాదు. కరెంటు తగ్గితే రెక్కలు ముసలివాళ్లలా మెల్లగా లేచేవి గానీ, అలిగి చావలేదు. ఇప్పుడు శ్రీకాంత్ నాకు ఫోనులో ఏదో చూపిస్తాడు, అందులో నేను ఎప్పుడూ గెలుస్తూనే ఉంటాను. గెలిచిన కాసేపటికి ఏం గెలిచానో యాదికి ఉండదు. ఆ పాత మిషను మీద బాపు ఓడిపోయిన ఆటలు నాకు ఇప్పటికీ గోలీ గోలీగా గుర్తున్నాయి.

నా సంగతికి వస్తే, మిషను బాగైపోయినా నేను రోజూ ఏదో వంకతో అక్కడికి పోయేవాణ్ణి. బాపు పక్కన జానెడు దూరంలో నిలబడడానికి భూమ్మీద నాకున్న ఒకే చోటు అది. ఆయనతో ఒక్క మాట అనిపించాలని నా పట్టుదల. ఒకరోజు కావాలని నడిమి గంట తీగ పీకి ఉంచాను. అడుగుతాడు గదా అని.

"టైగరూ, నడిమి గంట గొంతు పోయింది" అన్నాడు బాపు.

"టైగరూ, దేనికి ఏమైందో నన్ను అడిగితే చెప్త" అన్నాను.

"టైగరూ, అడగకున్న చెయ్యాలె. గది పని అంటే."

టైగర్ లేచి బయటికి పోయింది. దానికి లచ్చి అంత ఓర్పు లేదు. ఇంకోసారి ఎడమ రెక్కను కాస్త వదులు చేసి పెట్టాను. బాపు ఆ వదులును కూడా లెక్కలోకి తీసుకుని అంతకు ముందు కంటే బాగా ఆడాడు. నాకు పిచ్చెక్కింది.

అట్లా గులాబీలు ఒక కోతకు వచ్చాయి. ఒక శనివారం సారు చల్లగా కబురు చెప్పాడు. కొత్త మిషను పొట్టలోకి కొత్త ఆకుపచ్చ పలక వచ్చిందట, ఇంకా పెద్దదొకటి కూడా వస్తోందట, పాతదాన్ని సోమవారం లారీలో ఎత్తుకుపోతారట. అది ఎక్కడికి పోయిందో, ఎవరి షెడ్డులో ఏ ఉడుతకు ఇల్లయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు నాకు తట్టింది ఒకటే: మిషను పోతే ఆ జానెడు చోటు పోతుంది. మళ్లీ కొట్టం, మళ్లీ లచ్చి. నా చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం.

ఆదివారం మధ్యాహ్నం బాపు వచ్చాడు. కుడి చెయ్యి అంతా కట్టు. గులాబీ ముల్లు లోపల విరిగి చీము పట్టి, పొద్దున చేవెళ్ల దవాఖానలో కోసి తీశారు. నీళ్లు కట్టే పని లేదు, అయినా అవ్వ చూడకుండా నడుచుకుంటూ వచ్చాడు. మిషను ముందు నిలబడి ఎడమ చెయ్యి ఎడమ మీట మీద పెట్టాడు. కుడి మీట దిక్కు చూసి, కట్టు దిక్కు చూసుకున్నాడు. నోరు తెరిస్తే ఏదో ఒక కూత కూస్తానని నాకే భయం. పోయి ఆయన కుడిపక్క నిలబడి కుడి మీట మీద వేలు పెట్టాను. కడ్డీ నేనే లాగాను.

మొదటి గోలీ నా దిక్కే వచ్చింది. తొందరపడి కొట్టాను, రెక్క కింద నుంచి జారి గండిలో పడింది. బాపు ముక్కుతో గాలి వదిలాడు. రెండోది ఆయన దిక్కు వచ్చింది, ఎడమ రెక్క కొస నుంచి పెద్ద గంటకు పంపాడు. ఖంగు. అది తిరిగి నా దిక్కు పడింది, మళ్లీ తొందర, మళ్లీ గండి. మూడోది ఎవరికీ అందకుండా నడుమ నుంచే పోయింది. నాలుగోది మళ్లీ నా దిక్కు నుంచే. అయిదోది, ఆఖరు గోలీ మిగిలింది. అంకెల చక్రాలు బాపు ఎప్పుడూ దాటని చోటుకు రెండు పెద్ద గంటల దూరంలో ఆగి ఉన్నాయి. సారు, పోరగాళ్లు మా వెనక గుంపు కట్టారు. టైగర్ లేదు. నేను కావాలనే పొద్దున్నే దాన్ని గేటు దగ్గర కట్టించాను.

గోలీ పైకి పోయింది. చిన్న గంట, చిన్న గంట, నడిమిది. ఆయన దిక్కు వచ్చింది, పంపాడు, పెద్ద గంట మోగింది. అక్కడి నుంచి గోడకు కొట్టుకుని, మైదానం అంతా అడ్డంగా దాటి, నా రెక్క మొదట్లో వాలింది. బాపు మెడ తిప్పి చూశాడు, కుక్క లేదు. నా రెక్క మీద గోలీ జారుతోంది.

"ఆగు" అన్నాడు.

ఆగాను.

"ఆగు... ఆగు... ఇగ కొట్టురా నర్సిగా."

కొట్టాను. పెద్ద గంట మోగింది. అంకెల చక్రం తిరిగింది. పోరగాళ్లు ఈలలు వేశారు. నేను గోలీని చూడలేదు, బాపును చూస్తున్నాను. ఆ గోలీ తీరిగ్గా దిగి వచ్చి, నా రెక్క పక్కనుంచి, ఎవరూ అడ్డం లేని దారిలో గండిలోకి పోయింది.

బాపు నా దిక్కు పూర్తిగా తిరిగాడు. "యాడ చూస్తున్నవురా? ఆట ఆడేటోడు గోలీని చూస్తడా, పక్కోని మూతి చూస్తడా? నీ దిక్కుకెల్లే పోయింది. నాలుగు గోలీలు నీ దిక్కుకెల్లే పోయినయి. సదువు గూడ గిట్లనే చేసినవు."

అంతే, తూము తెరుచుకుంది. చెయ్యి బాగాలేదు కాబట్టి ఆయనను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. గేటు దాటే లోపల తొమ్మిదో తరగతి అయిపోయింది. మట్టి బాటకు వచ్చేసరికి ఎనిమిదో తరగతిలో నేను లెక్కల సారు సైకిల్ గాలి తీసిన సంగతి వచ్చింది. రెండేళ్ల తిట్లు, తేదీల వారీగా, ఒక్కటీ వదలకుండా, నేరుగా నా వీపుకు చెబుతున్నాడు. మామూలుగా నేను ఒక మాటకు రెండు మాటలు అప్పజెప్పే రకం. ఆ రోజు వింటూ, పెడలు మెల్లగా తొక్కుతూ పోయాను. సురంగల్ చెట్లు కనబడుతున్నాయి. తొక్కితే ఇంకో అయిదు నిమిషాల్లో ఇల్లు వస్తుంది.

బ్రేకు వేసి దిగాను. "చైను పడ్డది బాపూ."

"మెకానిక్‌వు గదా, ఎక్కియ్యరాదా?"

"చేతులకు నూనె అయితది. నడుద్దాం."

బాపు దిగి, వంగి చైను దిక్కు చూశాడు. అది ఉండాల్సిన చోట బిగుతుగానే ఉంది. తలెత్తి నా దిక్కు చూశాడు. కట్టు ఉన్న చెయ్యి సీటు మీద వేసి, నా పక్కన మెల్లగా నడక మొదలుపెట్టాడు.

"సరె. ఇగ ఏడో తరగతిల ఏం చేసినవో గది చెప్పు."